కింద పడే చదువు

నిరుడు బెర్లిన్‌లో మా మేనల్లుడు శని, ఆదివారాలకు నన్ను స్కేటింగు తరగతిలో చేర్పించాడు. నలభై ఏడేళ్ల తెలుగు లెక్చరరు కాళ్లకు చక్రాలు! మీరు నవ్వినా తప్పులేదు. చోటు టెంపుల్‌హోఫ్. 2008లో మూతపడ్డ ఈ విమానాశ్రయం 2010 నుంచి జనం తిరిగే మైదానమయింది. రన్‌వే సుమారు రెండు కిలోమీటర్లు, ఇస్త్రీ చేసినంత చదును. 1948లో నగరం దిగ్బంధంలో ఉన్నప్పుడు, ఇక్కడ దిగబోయే విమానాల నుంచి పిల్లలకు రుమాళ్ల గొడుగులు కట్టి మిఠాయిలు జారవిడిచారు. బోధన్ చక్కెరతో పెరిగినవాణ్ణి. ఆ ముక్క నాకు వెంటనే రుచించింది.

శిక్షకురాలు మొదట నేర్పింది పడటం. మోకాళ్లు వంచాలి, ముందుకు వాలాలి, దెబ్బ కవచాల మీద పడాలి. పదిసార్లు పడ్డాక భయం పోయింది; భయం పోయాక కాళ్లు సాగాయి. ఆదివారం సాయంత్రానికి మడమ దగ్గరి బ్రేకూ పట్టుబడింది.

బాల్కొండలో అమ్మ వాకిట్లో జారిపడ్డప్పటినుంచి గడప దాటడం లేదు. తిరిగి వచ్చి ఈ కథంతా చెప్పాను. విని, "చెయ్యి వట్టుకో బిడ్డా, నాల్గడుగులేస్త" అని లేచింది.