ఫిట్స్ రావాలని మొక్కు

మార్చి 3, జియా సరాయ్
పిన్ని, వాళ్ల చిన్నోడు నా గదిలోనే దిగారు. హౌజ్ ఖాస్‌లో మెట్రో ఎక్కితే ఎయిమ్స్ రెండో స్టేషనే. మూడు రకాల మందులు వాడినా వాడికి ఫిట్స్ ఆగలేదు. ఎం.ఆర్.ఐ.లో ఏమీ తేలలేదు. మెదడు లోతుకు ఎలక్ట్రోడ్లు దించి, ఫిట్స్ ఎక్కడ మొదలవుతున్నాయో పట్టుకోవాలన్నారు.

మార్చి 5
ఎలక్ట్రోడు ఒక్కోటి 0.8 మిల్లీమీటర్ల మందం. పారిస్‌లో తలైరాక్, బాంకో అనే డాక్టర్లు 1950ల చివర్లో మొదలుపెట్టిన పద్ధతి. రక్తనాళాలను తప్పిస్తూ ముందే దారి గీసుకుంటారు. అయినా నూటికి ఒకరి దాకా లోపల రక్తం కారే ప్రమాదం ఉంది. "తీశాక బుర్ర మునుపట్లాగే ఉంటుందంట్రా?" అంది పిన్ని.

మార్చి 8
ఆ ప్రశ్న వదల్లేదు, చదువుతూ కూర్చున్నా. ఎలక్ట్రోడు దిగినచోట సన్నటి రక్తనాళాలు తెగుతాయి, కాస్త వాపు వస్తుంది. మెదడుకు కాపలా ఉండే మైక్రోగ్లియా కణాలు గంటల్లోనే అక్కడికి చేరతాయి. తర్వాత ఆస్ట్రోసైట్లనే మరో రకం కణాలు ఆ దారి చుట్టూ మచ్చ కడతాయి. తీసేశాక కూడా కొందరి స్కాన్‌లో సన్నటి గీత కనిపిస్తుంది. చాలామందికి దానివల్ల పైకి తెలిసే లోటేమీ ఉండదు. ఇంకోటి: కొందరికి ఎలక్ట్రోడ్లు పెట్టగానే కొన్నాళ్లు ఫిట్స్ ఆగిపోతాయి. జబ్బు నయమైనట్టు కాదు. అందుకే మొదటి రోజుల రికార్డింగును జాగ్రత్తగా చదవాలి.

మార్చి 10
ఎలక్ట్రోడ్లు దించారు. ఫిట్స్ వస్తేనే చోటు తెలుస్తుందని మందులు తగ్గించారు. తలకు కట్టు, ఎదురుగా కెమెరా, ఫిట్స్ వస్తే నొక్కడానికి పిన్ని చేతిలో బటన్. ఫిట్స్ రావడం లేదు. ఇన్నేళ్లూ వాడి గుప్పిట్లో తాళాల గుత్తి కుక్కిన మనిషి, "ఒక్కసారి వచ్చిపో తల్లీ" అని అమ్మవారికి మొక్కుతోంది. నాకు కళ్లు తిరిగినంత పనైంది.

మార్చి 11
తెల్లవారుజామున వచ్చింది. ఏదో నములుతున్నట్టు పెదాలు కదిలాయి, చెయ్యి దుప్పటిని లాగింది. పిన్ని బటన్ నొక్కింది. అంతకు కొన్ని సెకన్ల ముందే తెరమీద గీతలు చెలరేగాయట.

మార్చి 14
ఎలక్ట్రోడ్లు తీసేశారు. ఫిట్స్ మొదలయ్యే చోటును తీసేసే ఆపరేషన్ సంగతి డాక్టర్లంతా కూర్చుని తేలుస్తారు. ఎయిమ్స్ వాళ్లు పిల్లల మీద చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది: ఆపరేషన్ జరిగిన 57 మందిలో 77 శాతానికి ఏడాది తర్వాత ఫిట్స్ లేవు, మందులతోనే ఉన్న 59 మందిలో 7 శాతానికే. ఆపరేషన్ అయినవాళ్లలో మూడో వంతుకు తీవ్రమైన ఇబ్బందులూ వచ్చాయి. రెండు లెక్కలూ పిన్నికి చెప్పాను.

సరైన మందులు రెండు వాడినా ఫిట్స్ ఆగకపోతే, పెళ్లి సంబంధాలకు భయపడి దాచకండి. హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ ఆపరేషన్లు చేస్తారు. వెళ్లి అడగండి.