సగం చాక్లెట్ సవాల్

"మామూ, అది సిగరెట్ కాదు, చాక్లెటే కదా. సగం తింటే ఏమవుతుంది?" హైదరాబాదులో చదివే నా భాంజా, సెలవులకు కడపకొచ్చినప్పుడు, అమ్మీకి వినబడకుండా అడిగాడు. అక్కడ పాన్ డబ్బాల్లో, కిరాణా కొట్లలో గంజాయి చాక్లెట్లు దొరికాయని అఖ్బార్లలో చూసిందే. గుస్సా చేయలేదు, జవాబు చెప్పాను.

పొగైతే నిమిషాల్లో ఎక్కుతుంది బేటా. తింటే అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఈలోపు "ఏం కాలేదే" అని మిగతా సగమూ తింటారు. అక్కడే ముసీబత్. రెండూ కలిసి ఎక్కితే గుండెదడ, వాంతులు, ఖౌఫ్. గంటల తరబడి దిగదు. అమ్మకానికి ఇజాజత్ ఉన్న కెనడాలో కూడా తినే ప్యాకెట్‌లో మత్తు పదార్థం 10 మిల్లీగ్రాములు దాటకూడదని కానూన్. మన గల్లీ చాక్లెట్ కాగితం మీద ఏ హిసాబ్‌ని నమ్ముతావ్? హిసాబ్ లేనిదానికి సగమేంది, పావేంది?

1985 నాటి చట్టం కింద కిలోలోపు గంజాయి దొరికినా ఏడాది దాకా జైలు. దీన్ మాట సరేసరి: నషా ఎక్కించేది చిటికెడైనా హరామే.

నా అసలు ఫికర్ ఇంట్లోని చిన్నపిల్లలది. వాళ్ళకది ఉత్త చాక్లెట్. తింటే స్పృహ తప్పొచ్చు, శ్వాస మందగించొచ్చు. అప్పుడు ఇజ్జత్ చూసుకోకండి. 108కి ఫోన్ చేయండి, డాక్టర్‌కు సచ్ చెప్పండి. ఎవరికైనా అలవాటైతే 14446 ఉంది. అన్నింటికన్నా ముందు, పిల్లలు ఇలాంటి సవాల్ అడిగితే కొట్టకండి. మనం చెప్పకపోతే అమ్మేవాడు చెప్తాడు.