టికెట్టు దొరకలేదని చెప్పిన మాట



మీరు పొలములో పని చేయుచుండగా ఆకాశమున విమానము పోవుట చూచి, చేతిని కన్నులకు అడ్డము పెట్టుకొని నిలువబడి యుందురు. మెదకు ప్రాంతమున ఒక చిన్న పల్లెలో పుట్టిన నేనును పసులు కాచుచు అట్లే నిలిచి చూచితిని. అందులో పోవువారు ఎంత అదృష్టవంతులో అనుకొంటిని. కాని ఆ విమానము ఎక్కవలసిన దినము నాకు వచ్చినప్పుడు నేను పారిపోతిని. పారిపోయి, ఒక అబద్ధము చాటున దాగితిని. ఆ సంగతి ఇరువది సంవత్సరములు ఎవరితోను చెప్పలేదు. ఇప్పుడు మీతో చెప్పెదను.

నా భయము విమానముతో మొదలు కాలేదు, చార్మినారుతో మొదలాయెను. 1963లో నాకు తొమ్మిదేండ్లు. మా అక్క పెండ్లికి గాజులు కొనుటకు మా తండ్రి నన్ను వెంటబెట్టుకొని హైదరాబాదు వచ్చెను. లాడ్ బజారులో బేరము ముగిసిన తరువాత నాకు చార్మినారు చూపించెను. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆ కట్టడములో, గుండ్రముగా చుట్టు తిరిగి పైకి పోవు రాతి మెట్లు కలవు. అవి ఇరుకైనవి, చీకటివి, ఒక్కొక్కటి చిన్నవాని మోకాలెత్తు. సగము ఎక్కునప్పటికి ఒక సందులోనుండి క్రిందనున్న జనము చీమలవలె కనబడిరి. నా కాళ్లు బిగుసుకొనిపోయెను. పైకి పోలేను, క్రిందికి దిగలేను. వెనుక వచ్చువారు తొందర చేయుచుండిరి. మా తండ్రి కోపపడలేదు. "బిడ్డా, పైకి చూడకు, క్రిందికి చూడకు. నీ కాలి ముందరి మెట్టు చూడు. నేను నీ వెనుకనే ఉన్నాను" అనెను. అట్లే ఎక్కితిని. పైనుండి మక్కా మసీదును, బజారులను చూచి సంతోషించితిని గాని, ఆ వణకు మాత్రము నా ఒంటిలో నిలిచిపోయెను.

పెద్దవాడనై ఉపాధ్యాయుడనైతిని. శాలిబండలో కాపురము పెట్టితిని. ప్రతి దినము చార్మినారు ప్రక్కగా నడచి బడికి పోవుచుంటిని గాని మరల దాని మెట్లు ఎక్కలేదు. బడిలో పిల్లలకు మాత్రము గొప్పగా చెప్పుచుంటిని. "మన హైదరాబాదునకు విమానములు క్రొత్త కాదు. 1945లోనే ఇక్కడ దక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థ మొదలాయెను. ప్రేమ్ మాథుర్ అను స్త్రీ ఆ సంస్థలో చేరి విమానము నడిపెను. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయెను" అని బోధించుచుంటిని. ఒక స్త్రీ ఆ దినములలోనే విమానము నడుపగా, ఈ పంతులు అందులో కూర్చుండుటకైనను జడిసెనని ఆ పిల్లలకు ఏమి తెలియును!

1996 నవంబరు 12న ఢిల్లీకి సమీపమున చర్ఖీ దాద్రీ అను ఊరిమీద రెండు విమానములు ఆకాశములోనే ఢీకొని 349 మంది మరణించిరి. ఆ పత్రికను నేను మడచి దాచుకొని పలుమారులు చదివితిని. భయపడువాడు తన భయమునకు మేత తానే వెదకుకొనును. రెండు నెలలు గడచెనో లేదో, ఢిల్లీలో ఉద్యోగము చేయుచుండిన మా పెద్దన్న గుండె ఆగి మరణించెనని తెల్లవారుజామున ఫోను వచ్చెను. మరునాటి సాయంకాలము వరకు నా కొరకు ఆగెదమని చెప్పిరి. బేగంపేటనుండి విమానములో పోయిన యెడల రెండు గంటల ప్రయాణము. రైలులో ఒక పగలు, ఒక రాత్రి, ఆపైన మరి కొన్ని గంటలు. నా భార్య తన గాజులు తీసి నా చేతిలో పెట్టి, "వీటిని కుదువపెట్టి విమానములో పొండి" అనెను. నేను బేగంపేట వరకు పోతిని. ద్వారమునొద్ద నిలిచి, పైకి లేచుచున్న ఒక విమానమును చూచితిని. చార్మినారు మెట్లమీదవలెనే నా కాళ్లు బిగుసుకొనెను. తిరిగి వచ్చి, "టికెట్టు దొరకలేదు" అని చెప్పి రైలు ఎక్కితిని. ఆ రైలు దారిలో ఆలస్యమాయెను. నేను చేరునప్పటికి సమాధిమీద పూలు వాడిపోయియుండెను. వదినె ఒక్క మాట మాత్రము అనెను: "చీకటి పడువరకు ఉంచితిమి, తమ్ముడూ." ఆమెకును అదే చెప్పితిని, టికెట్టు దొరకలేదని.

ఏండ్లు గడచెను. నా భార్య ప్రభువునొద్దకు పోయెను. 2008 మార్చిలో బేగంపేటనుండి ప్రయాణికుల విమానములు శంషాబాదునకు మారెను. 2016లో, కువైటులో నర్సు ఉద్యోగము చేయుచున్న నా కుమార్తె ఫోను చేసెను. "నాయనా, రెండవ కాన్పు దగ్గర పడినది. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు పెద్దదానిని చూచుకొనుటకు మనిషి లేరు. అమ్మ ఉండిన యెడల వచ్చియుండును గదా!" అని ఏడ్చెను. కువైటునకు రైలు లేదు. ఈసారి దాగుటకు చాటు లేదు.

మా వీధిలో లక్క గాజులు చేయు వృద్ధుడొకడు ఉండెను. అతనిని అందరు చాచా అని పిలుచుదురు. ఆయన హజ్ యాత్రకు విమానములో పోయి వచ్చినవాడు. ఒక సాయంకాలము ఆయన అంగడిలో కూర్చుండి, జీవితములో మొదటిసారి నిజము చెప్పితిని. "చాచా, నాకు భయము" అంటిని. ఆయన నవ్వలేదు. కుంపటిమీద లక్క కరుగుచుండెను. "మాస్టరు సాబ్, నాకును భయమే కలిగెను. గాజుకు ఎన్ని రాళ్లు అద్దవలెనో మొదటనే లెక్క పెట్టిన యెడల చేయి ఆడదు. ఒక్క రాయి అద్దుదును, తరువాత మరి యొకటి. ఆకాశములోను అట్లే చేసితిని, ఒక్కొక్క నిమిషము" అనెను. మా తండ్రి చెప్పిన మెట్టు మాటయే ఇన్ని ఏండ్లకు మరియొక నోట వింటిని.

నా కుమార్తె ఫోనులో అనేక సంగతులు నేర్పెను. అవి మీకును ఉపయోగపడవచ్చును. విమానము లేచిన వెంటనే అడుగున దబ్బున శబ్దమగును. అది చక్రములు లోపలికి ముడుచుకొను శబ్దము. కొంత ఎత్తు పోయిన పిమ్మట ఇంజను మ్రోత తగ్గి, పడిపోవుచున్నట్లు తోచును. నడుపువారే కావలెనని ఇంజను బలమును తగ్గింతురు. రెక్కలు ఊగుట చూచి బెదరవద్దు, అవి వంగునట్లే చేయబడినవి. గాలి హెచ్చుతగ్గులకు విమానము కుదుపుట, గతుకుల బాటలో ఎడ్లబండి కుదుపుట వంటిది. నడుమునకు పట్టీ బిగించుకొనిన చాలును. చెవులు నొచ్చిన యెడల ఉమ్మి మ్రింగవలెను, లేక ఆవులింపవలెను.

ఇవన్నియు తెలిసికొని ఎక్కితిని. భయము పోయెనా? పోలేదు. కన్నులు మూసికొని ప్రార్థించితిని, నిమిషములు లెక్కించితిని. కాని భయము నాతోకూడ కూర్చుండియుండగనే నేను కువైటు చేరితిని. అదియే నేను నేర్చుకొనిన మొదటి పాఠము. భయము పోయిన తరువాత బయలుదేరెదనని కూర్చున్నవాడు ఎన్నటికిని బయలుదేరడు.

అక్కడ ఒక నవ్వు పుట్టించు ఆపద జరిగెను. కుమార్తె కొరకు ఆవకాయ సీసా పెట్టెలో పెట్టితిని. ఇంటికి పోయి పెట్టె తెరువగా, పుట్టబోవు బిడ్డకు కుట్టించిన చొక్కాలు, నా తెల్లని పంచెలు అన్నియు ఎఱ్ఱని నూనెలో స్నానము చేసియుండెను. ఎత్తునకు పోయినకొలది చుట్టునున్న గాలి ఒత్తిడి తగ్గును. సీసాలోని గాలి ఉబ్బి నూనెను వెలుపలికి త్రోయును. ఈ పాఠమును బడిలో ఎన్నిమారులు చెప్పితినో! మనుమరాలు నా పంచెలు చూచి పడి పడి నవ్వెను. మూడవ దినమున మనుమడు పుట్టెను.

తిరుగు ప్రయాణమున నిజమైన పరీక్ష వచ్చెను. శంషాబాదులో పెద్ద వర్షము. విమానము నేలకు దగ్గరగా దిగి, ఒక్కసారి గర్జించి మరల పైకి లేచెను. దిగుటకు వీలుపడలేదనియు, బెంగుళూరు పోవుచున్నామనియు చెప్పిరి. నా ప్రక్కన నిజామాబాదు దిక్కు పల్లెవాడు, నాలుగేండ్ల కూలిపని ముగించుకొని వచ్చుచున్న పిల్లవాడు, నా చేయి పట్టుకొనెను. అప్పుడు నాకు 1993 సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. ఆ సంవత్సరము నవంబరు 15న మద్రాసునుండి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానము, హైదరాబాదులో దారి సరిగా కనబడక దిగలేకపోయెను. దిగునప్పుడు రెక్కల వెనుక చాచు పలకలు మరల ముడుచుకొనలేదు. అందువలన ఇంధనము త్వరగా ఖర్చయి, మద్రాసునకు తిరిగిపోవుచుండగా తిరుపతి దగ్గర వరిపొలములో దిగవలసి వచ్చెను. ఇన్ని ఏండ్లు నేను ఈ కథలో ఇంధనము అయిపోయిన సగమునే తలచుకొని వణకితిని. రెండవ సగము ఏమనగా, అందులోని 262 మందిలో ఒక్కరును చావలేదు. భయము ఎప్పుడును కథలో సగమే చెప్పును.

ఆ రెండవ సగమును పిల్లవానికి చెప్పితిని. మన విమానములో, మరియొక విమానాశ్రయమునకు పోవుటకును, అటుపైన 30 నిమిషములు తిరుగుటకును చాలినంత ఇంధనము ముందే పోయుదురనియు చెప్పితిని. వాడు కొంతసేపు ఆలోచించి, "తాతా, ఆ వరిపొలము రైతు పంట ఏమాయెను?" అని అడిగెను. రైతు బిడ్డ గదా! ఇద్దరము నవ్వితిమి. ఇంకొకని చేయి పట్టుకొనియున్నప్పుడు నా చేయి వణకలేదని బెంగుళూరులో దిగిన తరువాత గమనించితిని.

మరుసటి యేడు, అన్న పోయిన ఇరువది ఏండ్లకు, ఢిల్లీకి విమానములో పోతిని. సమాధి చూచి, వదినె యెదుట కూర్చుండి, "వదినా, ఆ దినము టికెట్టు దొరికియుండును. నేను భయపడితిని" అని చెప్పితిని. ఆమె నా వైపు చాలసేపు చూచి, "నాకు తెలుసును తమ్ముడూ. మా అన్న ఆ దినమే హైదరాబాదునుండి విమానములో వచ్చెను. సగము సీట్లు ఖాళీయని చెప్పెను. నీవు ఎప్పుడు చెప్పుదువో అని ఉంటిని" అనెను. ఇరువది సంవత్సరములు ఆమె నా అబద్ధమును మోసినది. నన్ను ఒక్కనాడును నిందించలేదు. ఆకాశములో ఎప్పుడును రాని వణకు ఆ గదిలో నాకు వచ్చెను.

2025 జూన్ 12న అహమ్మదాబాదులో విమానము కూలి, లోపలనున్న 242 మందిలో ఒక్కరే బ్రదికినప్పుడు, "ఇంకను ఎక్కెదవా?" అని నన్ను అనేకులు అడిగిరి. ఆపద లేదని నేను చెప్పను. 2022 ఒక్క సంవత్సరములో మన దేశపు రోడ్లమీద 1 లక్షా 68 వేలమందికి పైగా మరణించిరి. అయినను మనము సంతకు పోవుట మానలేదు. అయితే లెక్కలు చెప్పి మీ భయమును తీర్చవలెనని నేను వ్రాయలేదు. లెక్కలు నా భయమును తీర్చలేదు.

మీ బిడ్డలును దూరదేశములలో ఉన్నారు. ఏదో ఒక దినమున మీకు పిలుపు వచ్చును. అప్పుడు కాళ్లు వణకిన యెడల సిగ్గుపడకుడి. "నాకు భయము" అని ఎవరితోనైనను చెప్పుడి. టికెట్టు దొరకలేదని మాత్రము చెప్పకుడి.