కోట్ దు రోన్: ముందు కంచం, తర్వాతే గ్లాసు

1962లో యానాం అధికారికంగా భారతదేశంలో కలిశాక ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాలు మనలో ఉన్నాయి. వాళ్ల పిల్లల్ని చూడ్డానికి ఫ్రాన్సు వెళ్లే పెద్దలు నన్ను తరచూ అడుగుతుంటారు: "భోజనాల బల్ల మీద ఆ ఎర్ర సీసా ఏమిటండీ? మనం తాగకపోతే ఏమైనా అనుకుంటారా?" రెండో ప్రశ్న కోసమే ఈ నాలుగు మాటలు.

మా మేనత్త కుటుంబం అవిన్యోన్ ఊరి దగ్గర ఉంటుంది. మావయ్య ఫ్రెంచి సైన్యంలో చేసి రిటైరయ్యారు. వాళ్లింట్లో ఉండే వైను కోట్ దు రోన్. అంటే రోన్ నది ఒడ్డు వాలుల్లో పండిన ద్రాక్షతో చేసింది. ఆ పేరు ఎవరు వాడుకోవచ్చో 1937 నుంచీ చట్టమే చెబుతోంది. గ్రెనాష్, సిరా, మూర్వెద్ అనే ద్రాక్షలు ఇందులో ముఖ్యం. ఇది పండగల సీసా కాదు, రోజువారీ భోజనానిది. ఎండాకాలంలో మావయ్య దాన్ని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తారు. వేడెక్కితే సారా ఘాటే పైకి తేలుతుందట.

మా నాన్నగారిని తాగుడే తీసుకుపోయింది. అందుకే మొదటిసారి ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు అమ్మ కళ్లు నా గ్లాసు మీదే ఉన్నాయి. మావయ్య సీసా ఎత్తగానే నేను గ్లాసు మీద చెయ్యి పెట్టాను. ఆయన ఒక్క మాటా అడక్కుండా మంచినీళ్లు పోసి, కూర గిన్నె నా వైపు జరిపారు. భోజనాలయ్యాక సీసాకి మళ్లీ కార్కు బిగించి లోపల పెట్టేశారు. ఆ రాత్రి అమ్మ అంది, "సగం సీసా మిగలడం నేను ఇదే చూడ్డంరా."

రెండేళ్ల తర్వాత వెళ్లినప్పుడు, అమ్మకి చెప్పే, వేయించిన గొర్రె మాంసంతో రెండు గుక్కలు రుచి చూశాను. మొదట తగిలింది వగరు. నేరేడు పళ్లు తిన్నాక నాలుక మీద మిగులుతుందే, అలాంటిది. మాంసం, కొవ్వు తగిలితే ఆ వగరు మెత్తబడుతుంది. అందుకే అక్కడ దీన్ని మాంసం కూరలతో, గట్టి జున్నుతో, వంకాయ టమాటాలు కలిపి వండే రతతూయ్‌తో తీసుకుంటారు. సిరా ద్రాక్షలో మిరియాల వాసన కూడా ఉంటుంది. అది ఊహ కాదు, మిరియాల్లో ఉండే రొటండోన్ అనే పదార్థమే ఆ ద్రాక్షలోనూ ఉంటుంది. కాబట్టి మన వంటల్లో దీనికి దగ్గరి చుట్టం కారం తగ్గించిన మిరియాల మటన్ వేపుడు.

పులస పులుసుతో మాత్రం పొత్తు కుదరదు. చేపతో కలిస్తే ఎర్ర వైను నోట్లో ఇనప రుచి తెస్తుంది. చింతపండు పులుపు ముందు చప్పబడిపోతుంది. మన ఎండుమిరప కారం మీద పడితే మంట రెట్టింపు.

ఇదంతా చదివి ఫ్రాన్సులో తాగుడు బాధ లేదనుకోవద్దు. ఇందులోనూ ఆల్కహాలు 13, 14 శాతం దాకా ఉంటుంది. మద్యం ప్రకటనల్ని అక్కడ 1991లోనే చట్టంతో కట్టడి చేశారు. రోజుకి రెండు గ్లాసులకు మించొద్దు, రోజూ వద్దు అని అక్కడి ఆరోగ్య శాఖ వాళ్లే చెబుతున్నారు. నాకు నచ్చింది సీసా కాదు, ఆ బల్ల పద్ధతి. తిండి లేకుండా గ్లాసు రాదు, తిండి అయ్యాక గ్లాసు ఉండదు. మన బోర్డుల మీద "వైన్స్" అని రాసి ఉన్న చోట దొరికేదీ, నిలబడి గొంతులో పోసుకునేదీ వేరు.

కాబట్టి వెళ్లే పెద్దలకు చెప్పేదొకటే. వద్దనుకుంటే గ్లాసు మీద చెయ్యి పెట్టి "నాన్, మెర్సీ" అనండి. మా వాళ్లింట్లో ఎవరూ తప్పు పట్టలేదు. అక్కణ్ణుంచి సీసా కానుకగా తెచ్చే పిల్లలకూ ఒక మాట. పులస ఉన్న రోజున దాన్ని తియ్యకండి. ఎవరైనా గ్లాసు మీద చెయ్యి పెడితే కారణం అడక్కండి. మంచినీళ్లు పోయండి.