తొట్టిలో తాబేలు, తోటలో జెర్రిపోతు

చలిమంట దగ్గరికి జరగండి. ధనుర్మాసంలో మా విస్సన్నపేటలో పొద్దుగూకితే చాలు, మామిడి తోటల మీదుగా వచ్చే గాలి చెవుల్ని గిల్లుతుంది. చెట్లు పూతకొచ్చే రోజులు. ఎండుపుల్లలు నాలుగు ఎగదోసి, మా పెరటి తొట్టిలో ఉన్న తాబేలు సంగతి చెబుతాను.

ఆరేళ్ల కిందట సంక్రాంతి సెలవులకు మా మేనల్లుడు బెజవాడ నుంచి వచ్చాడు. అప్పుడు వాడికి పదేళ్లు. బస్సు దిగుతూనే చేతిలోని ప్లాస్టిక్ డబ్బా మూత తీసి చూపించాడు. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దగా, ఆకుపచ్చగా, కంటి వెనక ఎర్రటి చారతో ఒక తాబేలు పిల్ల. "మావయ్యా, ఇది ఇంతే ఉంటుందట. ఇక పెరగదట" అన్నాడు. రంగుచేపలు అమ్మే కొట్లో అలా చెప్పి అమ్మారు.

పెరుగుతుందండీ. దాన్ని రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. దాని పుట్టిల్లు అమెరికాలో మిసిసిపీ నది ప్రాంతం. ఆడదైతే డొప్ప అడుగు పొడవు దాకా పెరుగుతుంది. బాగా చూసుకుంటే ముప్పై ఏళ్లు బతకగలదు. పిల్లాడు ముచ్చటపడ్డాడని కొన్న తాబేలు వాడి పెళ్లీ చూస్తుంది, వాడి పిల్లల్నీ చూస్తుంది. ఆ మాట కొనేముందు ఎవరూ చెప్పరు.

సెలవులయ్యాక దాన్ని నా దగ్గరే వదిలి వెళ్లాడు. రెండు నెలలు ఆ డబ్బాలోనే, వంటింటి గట్టు మీద ఉంచాం. ఒకరోజు నీళ్లు మారుస్తూ పట్టుకుంటే డొప్ప అంచు నా వేలి కింద మెత్తగా లోపలికి నొక్కుకుంది. గుండె జారిపోయింది. పశువుల డాక్టరు గారు చూసి ఒకే ప్రశ్న అడిగారు: "దీనికి ఎండ తగులుతోందా?" మన ఒంట్లో వేడి దానంతటదే పుడుతుంది. పాకే ప్రాణులకు అలా కాదు, ఎండలో కూర్చుని వేడి తెచ్చుకోవాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితేనే దాని ఒంట్లో డి విటమిన్ తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఎముకకూ, డొప్పకూ పట్టదు. కడుపు నిండా మేత పెడుతూనే దాన్ని మేం ఎండలో ఉంచాల్సింది పోయి నీడలో మగ్గబెట్టాం.

ఆవేళే పెరట్లో గేదెలు నీళ్లు తాగిన పాత సిమెంటు తొట్టి కడిగాను. మధ్యలో బల్లపరుపు రాయి, ఒక పక్క నీడకు తాటాకు, పైన కాకులు తన్నుకుపోకుండా వల. అప్పటి నుంచీ పొద్దున ఎండ రాగానే అది రాయెక్కి, మెడ సాచి, వెనక కాళ్లు బారజాపి పడుకుంటుంది. డొప్ప మళ్లీ గట్టిపడింది. తాకిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలని ఇంట్లో కట్టడి పెట్టాను. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా సూక్ష్మజీవి ఉండొచ్చు. పసిపిల్లలకు ఆ జబ్బు సోకుతోందనే అమెరికాలో నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని 1975లోనే ఆపేశారు.

"ఇంత అవస్థ ఎందుకు, చెరువులో వదిలేస్తే పుణ్యం గదా" అన్నారు కొందరు. అది పుణ్యం కాదు. పరాయి నేల మీద పడితే ఈ తాబేలు అక్కడి తాబేళ్ల మేతా లాక్కుంటుంది, ఎండ కాచుకునే చోటూ లాక్కుంటుంది. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన వంద చొరబాటు జీవుల జాబితాలో ఇదొకటి. ఐరోపా దేశాలు 1997లో దీని దిగుమతి ఆపేశాయి. కేరళలో, త్రిశ్శూరు దగ్గర కాలువలో 2018లో బయటపడింది. కొన్నాం కాబట్టి కడదాకా సాకుతాం, అంతే.

మరి మన నేల తాబేళ్లో? డొప్ప మీద పసుప్పచ్చ చుక్కల గీతలున్న నక్షత్ర తాబేలును చూసే ఉంటారు. ఎండుగడ్డిలో కలిసిపోయి కనబడకుండా ఉండేందుకు దానికి ఆ గీతలు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందన్న నమ్మకం దాని పాలిట శాపమైంది. పొదల్లో ఏరి, సంచుల్లో కుక్కి దేశాలు దాటించారు. దాన్ని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దేశాల మధ్య దాని వ్యాపారాన్ని, వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం 2019లో ఆపేసింది. చూడాలనిపిస్తే శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం వెళ్లండి. కూర్మావతారం కొలువైన ఆ గుడి ఆవరణలో వాటిని సాకుతున్నారు. విదేశీ ప్రాణులకూ కట్టడి ఉంది: ఇగువానా బల్లి, బాల్ పైథాన్ కొండచిలువ లాంటివాటిని పెంచేవాళ్లు పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేసుకోవాలని 2024లో కేంద్రం నియమాలు తెచ్చింది.

ఇక మా తోట సంగతి. నిరుడు వేసవిలో చిన్న రసాలు మాగేసిన పాకలో వరిగడ్డి కదిలింది. మేనల్లుడూ నేనూ గుమ్మంలోనే ఆగాం. ఆరడుగుల జెర్రిపోతు. మెల్లగా తల ఎత్తి, చీలిన నాలుకతో గాలిని తడిమి చూసింది. పాము వాసన పట్టేది ఎక్కువగా ఆ నాలుకతోనే. కాసేపటికి ఎలక బొరియ వైపు జారిపోయింది. దానికి విషం లేదు. తాచుతో జతకడుతుందన్న మాటా నిజం కాదు. గట్టు మీద రెండు జెర్రిపోతులు పెనవేసుకుని లేస్తే సయ్యాట అంటాం గానీ, అవి బలం తేల్చుకుంటున్న రెండు మగపాములు. అయినా ఏ పామునూ పట్టుకోబోకండి. రక్తపింజరీ, కట్లపామూ మా తోటల్లోనూ ఉన్నాయి.

"దీన్నీ పెంచుకుందామా మావయ్యా?" అన్నాడు మావాడు, గొంతు తగ్గించి.

"పెంచుతూనే ఉన్నాం కదరా. కర్ర తీయకుండా నిలబడ్డాం చూడు, అదే" అన్నాను.

మీ పిల్లలూ పాకే ప్రాణి కావాలని అడిగితే కొట్టుకు తీసుకెళ్లకండి. ఈ రాత్రికి వరండాలో ట్యూబులైటు కింద కూర్చోబెట్టండి. గోడ మీద బల్లి వస్తుంది. కంటికి కనబడని లక్షల నూగుతో దాని వేళ్లు గోడను ఎలా పట్టుకుంటాయో, పురుగు మీదికి దూకేముందు తోక కొస ఎలా వణుకుతుందో చూడనివ్వండి. మా మేనల్లుడికి నేను మొదటే అది చూపించి ఉంటే, ఆ పిల్ల తాబేలుకు ఆ రెండు నెలల చీకటి తప్పేది.