ఓచనోమిజు వీధిలో 24 అంగుళాలు

టోక్యో నగరంలో చువో రైలుమార్గం మీద ఓచనోమిజు అనే స్టేషను ఉన్నది. ఆ పేరుకు ‘తేనీటి జలం’ అని అర్థం. పూర్వం ఇక్కడి ఊటనీటితో షోగన్ ప్రభువుకు తేనీరు కాచేవారట. స్టేషనును ఆనుకొని లోతైన కందకంలా కందా నది పారుతున్నది. 1927 నాటి హిజిరిబాషి కాంక్రీటు వంతెన మీద నిలబడితే, గట్టు వెంబడి సాగే చువో రైలు, నదిని దాటే మరునౌచి మెట్రో ఒకే చూపులో కనిపిస్తాయి. ఇంజనీరైనవాడికి అక్కడినుంచి కదలబుద్ధి కాదు.

2019లో శిక్షణ నిమిత్తం జపాను వెళ్లినప్పుడు నన్ను అక్కడికి రప్పించింది మాత్రం వంతెన కాదు, గిటారు. స్టేషను నుంచి మెయిజీ విశ్వవిద్యాలయం మీదుగా దిగే వీధికి ఇరువైపులా గిటారు దుకాణాలే. మా మేనల్లుడు చక్కని గిటారు వాద్యకారుడు. వేగంగా వాయించడం అతనికి ప్రాణం. ఒక ప్రమాదంలో ఎడమచేతి చిటికెనవేలు విరిగింది. ఎముక అతుక్కున్నది గాని, వేలు మునుపటిలా చాపలేడు. ఏడాదిపాటు వాద్యాన్ని పెట్టెలోంచి తీయలేదు. “మెట్లు కాస్త దగ్గరగా ఉంటే తప్ప నావల్ల కాదు మామయ్యా” అన్నాడు.

ఆ మాటలో గణితం ఉన్నది. తీగ కంపించే నిడివినే స్కేలు అంటారు. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కు అది 25.5 అంగుళాలు. 1964లో వచ్చిన ఫెండర్ మస్టాంగ్‌కు 24. నిడివి తగ్గితే మెట్లన్నీ అదే నిష్పత్తిలో దగ్గరవుతాయి. మొదటి నాలుగు మెట్ల దూరం సుమారు 134 మిల్లీమీటర్ల నుంచి 126కు తగ్గుతుంది. బిగుసుకుపోయిన వేలికి ఆ 8 మిల్లీమీటర్లే వరం. పైగా తీగ బిగువు నిడివి వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, అదే తీగ, అదే శ్రుతి అయితే బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. అయితే వదులైన తీగ విశాలంగా ఊగి మెట్లకు తగిలి గరగరమంటుంది. దానికి విరుగుడు కాస్త లావు తీగ వేయడమే.

ఈ ఆలోచన కొత్తది కాదు. గిబ్సన్ సంస్థ 1955లో బర్డ్‌లాండ్ అనే గిటారును 23.5 అంగుళాల స్కేలుతో తెచ్చింది. అంతదూరం ఎందుకు? మన పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్న విద్యుత్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని ఎంతటి వేగంతో పలికించారో తెలుగువారికి చెప్పనక్కరలేదు.

నాకు వాయించడం రాదు. జేబులోని స్టీలు టేపే నా వాద్యపరిజ్ఞానం. మెడ పైనున్న గట్టు నుంచి 12వ మెట్టు వరకు కొలిచి రెట్టింపు చేస్తే స్కేలు వస్తుంది. చూపుకు బుల్లిగా ఉన్న రెండు గిటార్లను కొలిస్తే 25.5 అంగుళాలే తేలాయి. డొలక చిన్నదైనంత మాత్రాన స్కేలు చిన్నది కాదు. మూడవ దుకాణంలో జపానులో తయారైన పాత మస్టాంగ్ ఒకటి సరిగ్గా 12 అంగుళాలు చూపింది. దుకాణదారు వంగి నమస్కరించి, తానే వాయించి వినిపించాడు. ఫోనులో చూస్తున్న మేనల్లుడు, “మెట్లు అరిగాయేమో చూడండి మామయ్యా” అన్నాడు. అరగలేదు.

ఆంప్లిఫయరు మాత్రం కొనలేదు. అక్కడి విద్యుత్తు 100 వోల్టులు, మనది 230. గిటారుకు ఆ చిక్కు లేదు. అయస్కాంతం ఎదుట తీగ కదలికే దానికి విద్యుత్తు.

ఇప్పుడు మా చెల్లెలి ఇంట సాయంకాలాలు మళ్లీ గిటారు మోగుతున్నది. కొన్ని స్వరాలకు చిటికెనవేలు ఇంకా మొరాయిస్తుంది, ఆ పని పక్కవేలు అందుకుంటుంది. వేగం మాత్రం చాలావరకు తిరిగివచ్చింది. టోక్యో వెళ్లే మిత్రులు ఓచనోమిజులో తప్పక దిగండి. వంతెన చూడండి. గిటారు కొనదలిస్తే టేపు మరువకండి.