మనకోసం మోగిన పలక

నాయన పోయినాక ఏడాదిపాటు నాకు నిద్ర లేదు. బడిలో పాఠం చెప్తా చెప్తా మధ్యలో ఆగిపోయేవాణ్ణి. మా గేరిలో మొదట డిగ్రీ చదివినోణ్ణి, సర్కారు అయ్యవారిని, నాకేం తక్కువ అనుకున్నారు అందరూ. చివరికి అనంతపురంలో ఒక డాక్టరు దగ్గరికి పోయినా. మాత్రలు రాసిచ్చి, "రోజూ ఒక సంతోషం గుర్తు చేసుకుని రాయండి. చిన్నప్పుడు బాగుండేది అని కాదు. ఒక్క రోజు, ఒక్క చోటు, ఒక్క వాసన" అన్నాడు.

నోటుబుక్కు తెరిస్తే అవమానాలే వచ్చినాయి. హోటల్లో మాకు వేరే పెట్టిన గ్లాసు. గుడి ముందర ఆగిన కాళ్లు. కరువుకు బెంగుళూరు పోయి మట్టి మోసిన అమ్మ. అంబేడ్కర్ కూడా 1901లో గోరెగావ్ దారిలో నీళ్లు పుట్టని రాత్రిని మరిచిపోకుండా రాసినాడు. రాయాల్సిందే. గాయం దాచితే కొట్టినోడికే లాభం. అయితే నా సంతోషం ఎక్కడ పెట్టినానో నాకే తెలీలేదు.

నాలుగో రోజు వాసన గుర్తొచ్చింది. మంటకు కాగే పలక తోలు వాసన.

ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే నేల మాది. శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు వాన తప్పితే పంట పోయినట్టే. ఆ ఏడు పడింది. చెరువు మరవ పారింది. ఆసాముల చేన్లు పీకినాక మేం పరిగె ఏరుకొచ్చి, రాత్రి గేరిలో కంపలు మంటేసి కాయలు కాల్చుకున్నాం. నాయన పలకను మంటకు కాచి, వేలితో మీటి చూసి, వాయించబట్టినాడు.

నాకు భయమేసింది. పలక మోగితే ఊర్లో సావన్నా కావల్ల, జాతరన్నా కావల్ల. రెండిటికీ వాళ్లు పిలవల్ల.

"ఎవురు సచ్చినారు నాయనా?"

"ఎవురూ సావలేదురా. ఈపొద్దు మనకే."

అమ్మ ఎగిరింది. జేజి ఎగిరింది. అందరి మూతులకూ మసి.

అది రాసిన రాత్రి కాసేపు నిద్ర పట్టింది. మాత్రలు మానలేదు. జ్ఞాపకం అప్పు తీర్చదు, వాన కురిపించదు. సంఘంలో తిరిగే ఒక తమ్ముడు అడిగినాడు: "సంతోషాలు రాస్తే కోపం సల్లారదా అన్నా?"

"సల్లారదు తమ్ముడూ. మననుంచి ఏం గుంజుకున్నారో అప్పుడే సరిగ్గా తెలుస్తుంది" అన్నా. నిద్ర పట్టని పిల్లలుంటే సిగ్గుపడకుండా టెలిమానస్ 14416కు ఫోన్ చేయమని కూడా చెప్పినా.

మొన్న వాన పడిన రాత్రి మేకుకున్న నాయన పలక దించి కాచినా. నా కూతురు పరిగెత్తుకొచ్చింది.

"ఏం పండగ నాయనా?"

సావు గురించి అడగలేదు.